వాన నీటి లెక్కలపై పాఠకుల ప్రశ్నలు: కాలువలో ఖాళీ, వీధిలో మోకాలి లోతు

ప్రశ్న: శ్రీకాకుళంలో ఒక కన్సల్టెంటు దగ్గర కొత్తగా చేరిన సివిల్ ఇంజనీరును. నాగావళి వైపు నీరు దిగే 6 హెక్టార్ల వీధుల సముదాయానికి స్విమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో నమూనా తయారు చేశాను. ప్రధాన కాలువ సిమెంటుది, పైన పలకలు కప్పి ఉంటాయి. వెడల్పు 1 మీటరు, లోతు 1 మీటరు, పొడవు సుమారు 600 మీటర్లు, వాలు 1000కి 1. గంటకు 60 మి.మీ. వాన ఇచ్చినా నమూనాలో కాలువ 83 సెం.మీ. మించి నిండడం లేదు. అంతకంటే తక్కువ వానకే ఆ వీధిలో మోకాలి లోతు నీరు నిలవడం నేను కళ్లారా చూశాను. వానను గంటకు 100 మి.మీ.కి పెంచితే రెండు వీధులు కలిసే ఒక నోడ్ (నమూనాలో కాలువలు కలిసే బిందువు) దగ్గర మాత్రం వరద చూపిస్తోంది కాని, దాని దిగువన ఉన్న పల్లపు వీధిలో చుక్క నీరు చూపడం లేదు. నా లెక్కలో తప్పు ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మీ అంకగణితంలో తప్పు లేదు. 6 హెక్టార్ల విస్తీర్ణం, 0.8 ప్రవాహ గుణకం (పడిన వానలో పారే వంతు), గంటకు 60 మి.మీ. వాన, ఈ మూడింటినీ గుణించి 360తో భాగించే పాత రేషనల్ సూత్రంతో చూసినా సెకనుకు 0.8 ఘనపు మీటర్ల నీరే వస్తుంది. గరుకు గుణకం 0.015 అనుకుంటే, కాలువ ఆకారం, వాలు, గరుకుతనాలను బట్టి ప్రవాహాన్ని లెక్కించే మ్యానింగ్ సూత్రం ప్రకారం మీ కాలువ అంచుల దాకా నిండి పారినప్పుడు సెకనుకు సుమారు 1 ఘనపు మీటరు మోస్తుంది. కాబట్టి కాలువలో ఖాళీ మిగలడం లెక్కకు న్యాయమే. అయితే వాన నీరు ఆ కాలువలోకి ఏ దారిన దిగుతుందో, కాలువ చివర ఎవరి మట్టానికి లోబడి బయటికి పోతుందో మీరు నమూనాకు చెప్పలేదు. చెప్పని చోట అది తన సౌకర్యానికి తగ్గట్టు ఊహించుకుంది.

మొదట దిగే దారి చూద్దాం. స్విమ్‌లో ఒక్కొక్క పరీవాహక ముక్కను మీరు ఏ నోడ్‌కు కలిపితే, ఆ ముక్క మీద పడిన వాన నష్టాలు పోను అంతా నేరుగా ఆ నోడ్‌లోకి చేరిపోతుంది. మధ్యలో రోడ్డు లేదు, పలకల సందు లేదు, జాలీ లేదు, ఆ జాలీకి అడ్డం పడిన కొబ్బరి మట్ట, ప్లాస్టిక్ సంచి అంతకంటే లేవు. మీ కాలువకు పైన పలకలున్నాయని రాశారు కనుక నీరు లోపలికి దిగేది పక్కగోడలో వదిలిన కన్నాల గుండానే అయి ఉండాలి. 30 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉన్న ఒక కన్నం ముందు రోడ్డు మీద 15 సెం.మీ. నీరు నిలిచిందనుకోండి. కన్నం మధ్యబిందువు పైన 10 సెం.మీ. నీరు ఉన్నట్టు లెక్క. కన్నం గుండా పోయే నీటిని లెక్కించే ఆరిఫిస్ సూత్రంలో 0.67 గుణకం వేసి చూస్తే సెకనుకు సుమారు 28 లీటర్లు దిగుతుంది. మీకు దిగవలసినది 800 లీటర్లు. అంటే ఏ అడ్డూ లేని కన్నాలు 29 ఉండాలి, వాటిలో సగం మూసుకుపోయి ఉంటే 57 ఉండాలి. అప్పుడు కూడా రోడ్డు మీద 15 సెం.మీ. నీరు నిలిచి ఉంటేనే ఆ లెక్క పారుతుందన్న సంగతి మరవవద్దు. మీ వీధిలో కన్నాలు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు కాని, ఒక ఉదయం చేతిలో టేపు పట్టుకొని చివరి నుంచి చివరి దాకా నడిచి లెక్కపెడితే మీ ప్రశ్నలో సగానికి అక్కడే జవాబు దొరుకుతుంది. దుకాణాల ముందు మెట్లు కట్టుకున్నప్పుడు ఈ కన్నాలు మెట్ల కిందికి పోవడం మన ఊళ్లలో సర్వసాధారణం కాబట్టి, డ్రాయింగులో ఉన్న సంఖ్యను నమ్మకండి.

దీన్ని నమూనాలో చూపడానికి రెండు అంతస్తుల పద్ధతి పాటించాలి. పై అంతస్తులో రోడ్డునే ఒక వెడల్పాటి, లోతు తక్కువ కాలువగా గీసి, దాని మధ్య ఎత్తును, పక్కల వాలును, అంచు రాళ్ల ఎత్తును ఇవ్వాలి. వాన నీరంతా ముందు ఆ రోడ్డు నోడ్‌లకే చేరాలి. కింది అంతస్తులో అసలు కాలువ ఉంటుంది. రెండింటికీ మధ్య నీరు దిగే కన్నాలు లంకెలుగా ఉంటాయి. 1971లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కోసం తయారై, ఇప్పటికీ ఉచితంగా దొరుకుతున్న ఈ సాఫ్ట్‌వేరులో చాలాకాలం పాటు ఈ లంకెలను ఆరిఫిస్‌లుగానో (కన్నాలు) వియర్‌లుగానో (నీరు పైనుంచి పొర్లే అడ్డుకట్టలు) మనమే అమర్చుకోవలసి వచ్చేది. 2022లో వచ్చిన 5.2 వెర్షనులో వీధి అడ్డుకోత, రోడ్డు జాలీలు, అంచు కన్నాలు ప్రత్యేక వస్తువులుగా చేరాయి. ఒక్కొక్క దానికి ఎంత శాతం మూసుకుపోయిందో చెప్పడానికి కూడా గడి ఉంది. ఆ గడిలో సున్నా వదిలేయడం కంటే, మీరు నడిచి చూసినదాన్ని బట్టి 40 అనో 50 అనో వేయడం నిజాయతీ.

పూడిక మాట కూడా ఇక్కడే చెప్పాలి. మీరు డ్రాయింగులోని 1 మీటరు లోతును నమూనాలో వేశారు. అడుగున 30 సెం.మీ. పూడిక ఉంటే లోతు మూడు పదుల శాతం తగ్గింది కదా, సామర్థ్యం కూడా అంతే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. మ్యానింగ్ సూత్రంతో చూడండి: 70 సెం.మీ. లోతుకు, అదే గరుకుతనంతో, ప్రవాహం సుమారు 0.65 ఘనపు మీటర్లకు పడిపోతుంది. మట్టి, రాళ్లు ఉన్న అడుగు సిమెంటంత నునుపుగా ఉండదు కాబట్టి గరుకు గుణకం 0.02 అని తీసుకుంటే 0.49 దగ్గర ఆగుతుంది. అంటే సగానికి సగం పోయింది, మీ 0.8 ఘనపు మీటర్లకు అక్కడ చోటే లేదు. గుండ్రటి పైపులకైతే స్విమ్‌లో అడుగు పూడిన ఆకారం ప్రత్యేకంగా ఉంది. మీ కాలువ చదరపుది కాబట్టి లోతును 0.7కి తగ్గించి, రెండు చివరలా కాలువ అడుగు మట్టాన్ని 0.3 పైకి జరపండి. లోతు ఒక్కటే తగ్గించి మట్టాన్ని జరపకపోతే కాలువ పై అంచు 30 సెం.మీ. కిందికి దిగిపోయినట్టవుతుంది. ఈ పొరపాటు నేను ఒకటికి రెండుసార్లు చేశాను.

ఇక పల్లపు వీధిలో చుక్క నీరు చూపడం లేదన్న విషయం. నోడ్‌లో నీటి మట్టం నేల మట్టాన్ని దాటినప్పుడు, మామూలు అమరికలో స్విమ్ ఆ అదనపు నీటిని లెక్కలోంచి తీసివేస్తుంది. అది దిగువకు పోదు, మళ్లీ తిరిగి రాదు. ఫలితాల నివేదికలో వరద నష్టం అన్న వరుస చూడండి, మీ పల్లపు వీధిని ముంచవలసిన నీరంతా అక్కడ ఒక అంకెగా కూర్చుని ఉంటుంది. దీనికి విరుగుడుగా నీరు నిలవనిచ్చే ఎంపికను ఆన్ చేసి, ఆ నోడ్‌కు నిలవ విస్తీర్ణం ఇస్తే, నీరు నోడ్ నెత్తిన ఒక తొట్టిలో ఉన్నట్టు నిలిచి, కాలువలో చోటు దొరికినప్పుడు తిరిగి దిగుతుంది. చుట్టూ ఎత్తుగా ఉండి నిజంగా గిన్నెలా ఉన్న కూడలికి ఇది సరిపోతుంది. వాలు ఉన్న వీధికి సరిపోదు, ఎందుకంటే తొట్టిలోని నీరు దిగువ వీధికి పారదు. వాలు వీధికి పైన చెప్పిన రెండు అంతస్తుల పద్ధతే దారి.

చివరిది, నా దృష్టిలో శ్రీకాకుళానికి అన్నిటికంటే ముఖ్యమైనది, కాలువ తోక. మీరు రాయలేదు కాని, నమూనాలో కాలువ చివరను నీరు స్వేచ్ఛగా బయటికి పడిపోయే అవుట్‌ఫాల్‌గా వదిలి ఉంటారని నా అనుమానం. 600 మీటర్లకు 1000కి 1 చొప్పున మొత్తం పతనం 60 సెం.మీ. మాత్రమే. నేల కూడా అదే వాలులో ఉందనుకుంటే, నది మట్టం కాలువ తోక అడుగు కంటే 1 మీటరు పైకి లేచేసరికి తోక దగ్గర నేలను తాకుతుంది. 1.6 మీటర్లు లేస్తే మీ వీధి ఎగువ కొసన కాలువ అంచుతో సమానమవుతుంది. అప్పుడు కాలువ ఎంత శుభ్రంగా ఉన్నా పారడానికి దానికి వాలు మిగలదు. నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా వచ్చి, మన పట్టణం దాటాక కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన కొండల్లో పడిన వాన ఇక్కడికి చేరడానికి సమయం పడుతుంది కాబట్టి, ఊళ్లో వాన, నదిలో పోటు ఒకే గంటలో రావాలని లేదు. ఊళ్లో తెరిపిచ్చిన తరువాత నది పెరగవచ్చు, నది నిండుగా ఉన్న రోజున ఊళ్లో మళ్లీ కుండపోత పడవచ్చు. అందువల్ల నమూనాను కనీసం మూడు విధాలుగా నడపండి: నది తక్కువగా ఉండి ఊళ్లో గట్టి వాన, నది వరద మట్టంలో ఉండి ఊళ్లో మామూలు వాన, రెండూ కలిసివచ్చిన రోజు. నది మట్టాన్ని గంటల వారీగా అవుట్‌ఫాల్‌కు ఇవ్వవచ్చు. ఆ మట్టాల కోసం జలవనరుల శాఖను, కేంద్ర జల సంఘాన్ని అడగాలి. ఒక జాగ్రత్త: వాళ్ల మట్టాలు, మీ సర్వే మట్టాలు ఒకే బెంచ్‌మార్కు (ఎత్తులకు ఆధారమైన స్థిర బిందువు) నుంచి లెక్కించినవో కాదో ముందుగా సరిచూడండి. నది నీరు వెనక్కి రాకుండా తోకకు రెక్క తలుపు పెట్టారని తెలిస్తే అది కూడా నమూనాలో పెట్టండి. కాని ఆ తలుపు మూసుకున్నంత సేపు ఊరి నీటికి కూడా దారి ఉండదు, దాన్ని పంపుతో ఎత్తిపోయాలి లేదా ఎక్కడో నిలవబెట్టాలి.

ఇవన్నీ పనిచేయాలంటే ప్రవాహ గణనలో దిగువ మట్టం ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకునే డైనమిక్ వేవ్ పద్ధతినే ఎంచుకోవాలి. సరళమైన కైనమాటిక్ వేవ్ పద్ధతికి దిగువ నుంచి ఎగదన్నే నీరు అంటే ఏమిటో తెలియదు. లెక్క ఒక్కొక్క అడుగు వేసే కాలవ్యవధిని కొన్ని సెకన్లకు తగ్గించి, నివేదికలో నీటి జమాఖర్చు తేడా ఒకటి రెండు శాతం లోపు ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: విజయనగరంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా బృందం ప్రాజెక్టులో ఒక పేట కాలువలు చెరువులో కలుస్తాయి. మాకు రోజువారీ వర్షపాతం మాత్రమే దొరికింది. 150 మి.మీ. కురిసిన రోజును తీసుకొని నడిపినా కాలువల్లో పాదం తడిసేంత నీరే చూపిస్తోంది. వాన అంకె తప్పా?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: వాన అంకె తప్పు కాదు, దాన్ని మీరు 24 గంటలకు సమానంగా పంచడం తప్పు. 150 మి.మీ.ను 24తో భాగిస్తే గంటకు 6.25 మి.మీ. వస్తుంది. వాతావరణ శాఖ కొలమానంలో ఒక రోజుకు 115.6 నుంచి 204.4 మి.మీ. వరకు అతి భారీ వర్షం. అటువంటి రోజున వాన ఇలా గంటకు ఆరేసి మి.మీ. చొప్పున తీరిగ్గా కురవదు. వీధి కాలువలు రోజు మొత్తానికి స్పందించేవి కావు, పావు గంటకో అర గంటకో స్పందించేవి. స్వయంచాలక వర్షమాపకం నుంచి 15 నిమిషాల అంకెలు దొరికితే అంతకు మించినది లేదు. దొరకనప్పుడు మన దేశంలో ఎంతో కాలంగా వాడుకలో ఉన్న మూడో వంతు ఘాత సూత్రం ఉంది: కావలసిన వ్యవధిని 24తో భాగించి, దాని ఘనమూలాన్ని రోజు వర్షపాతంతో గుణించాలి. మీ 150 మి.మీ.కు గంట వాన 52 మి.మీ. అవుతుంది. పావు గంటకు సుమారు 33 మి.మీ., అంటే గంటకు 131 మి.మీ. తీవ్రత. మీరు ఇచ్చిన 6.25తో దీన్ని పోల్చుకుంటే పాదం ఎందుకు తడిసిందో, నడుము ఎందుకు తడవలేదో అర్థమవుతుంది. ఈ వ్యవధుల మధ్య తేడాలను తీసుకొని, అన్నిటికంటే పెద్ద ముక్కను మధ్యలోను, మిగతావాటిని దానికి అటూ ఇటూ ఒకటి మార్చి ఒకటి పేర్చితే నమూనాకు ఇవ్వదగిన వాన చిత్రం తయారవుతుంది. ఇది అంచనాయే కాబట్టి నివేదికలో ఆ మాట స్పష్టంగా రాయండి.

మీరు అడగకపోయినా చెరువు గురించి ఒక మాట. తుపానుల్లో హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న తీరం దాటాయి. మూడూ నైరుతి వానలు చాలావరకు కురిసిపోయిన తరువాత వచ్చినవే. ఆ రోజులకు మన చెరువులు ఖాళీగా ఉండవు, నేల కూడా దాహంగా ఉండదు. అందువల్ల నమూనాలో చెరువును ఖాళీ తొట్టిగా మొదలుపెట్టకండి. మట్టానికి ఎంత విస్తీర్ణమో చెప్పే పట్టిక ఇచ్చి, ప్రారంభ మట్టాన్ని అలుగు స్థాయిలోనో దాని దగ్గరగానో ఉంచి, అలుగును వియర్‌గా, మదుమును (తూమును) ఆరిఫిస్‌గా అమర్చండి. చెరువు గర్భంలో ఇళ్లు, రోడ్లు వచ్చి ఉంటే పాత రికార్డులోని విస్తీర్ణం కాక ఇప్పుడు మిగిలిన విస్తీర్ణాన్నే పట్టికలో వేయాలి. అలుగు దాటిన నీరు ఏ గెడ్డలోకి (వాగులోకి) పోతుందో కూడా ఒకసారి వెళ్లి చూడండి, ఆ గెడ్డకు అడ్డంగా ఇరుకు కల్వర్టు ఉంటే మీ పేట ముంపుకు మూలం అక్కడే ఉండవచ్చు.

ప్రశ్న: ఉపగ్రహ ఎత్తుల పటాలు ఉచితంగా దొరుకుతున్నాయి కదా, వాటితో హెక్‌రాస్ అనే సాఫ్ట్‌వేరులో వీధుల ముంపు పటం గీయవచ్చునా?
– ఒక అధ్యాపకుడు, విజయనగరం

జవాబు: నదీ లోయకు, పెద్ద చెరువు పరీవాహకానికి ప్రాథమిక అవగాహన కోసం గీయవచ్చు. వీధులకు వద్దు. 2000లో అంతరిక్ష నౌక నుంచి కొలిచిన ఎస్ఆర్‌టీఎం పటంలో గాని, మన ఉపగ్రహం కార్టోశాట్-1 చిత్రాల నుంచి తయారై ఇస్రో వెబ్‌సైటు భువన్‌లో దొరికే పటంలో గాని ఒక్కొక్క గడి సుమారు 30 మీటర్లు ఉంటుంది. 10 మీటర్ల రోడ్డు, దాని రెండు వైపుల ఇళ్లు, ఇళ్ల వెనుక పెరడు అన్నీ ఒకే అంకెలో కలిసిపోతాయి. ఎత్తులో పొరపాటు మీటర్లలో ఉంటుంది, మనం వెతుకుతున్న ముంపు సెంటీమీటర్లలో ఉంటుంది. అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం ఇచ్చే హెక్‌రాస్ రెండు దిశల ప్రవాహాన్ని చక్కగా లెక్కిస్తుంది, వానను నేరుగా గడుల మీద కురిపించవచ్చు కూడా. కాని పటం రంగులు ఎంత అందంగా ఉన్నా వాటి కింద ఉన్న ఎత్తులే వాటి విలువ. మీ విద్యార్థుల చేత ఎత్తుల తేడా కొలిచే ఆటో లెవెల్ పరికరంతో రోడ్ల మధ్యరేఖలు, గడపలు, కాలువ అడుగులు కొలిపించండి. ఒక పేట వరకైతే కొద్ది రోజుల పని.

ప్రశ్న: మేము శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు. రోడ్డు మీద రోడ్డు వేసి ఇప్పుడు మా గడప కంటే ఎత్తు చేశారు. వాన వస్తే నీరు ఇంట్లోకి వస్తోంది. కొత్త కాలువ ప్రతిపాదన గురించి చెప్పడానికి వచ్చినవారు కంప్యూటరు పటం చూపించి మా వీధికి ఆకుపచ్చ రంగు వచ్చింది, భయం లేదన్నారు. నాకు ఇంజనీరింగు తెలియదు. వారిని ఏమని అడగాలి?
– ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ఆ పటంలో మీ ఇంటి గడప మట్టం ఉందా అని మొదట అడగండి. చాలా నమూనాల్లో రోడ్డు మట్టమే నేల మట్టంగా ఉంటుంది. నీరు రోడ్డు దాటితేనే ముంపు అని లెక్క వేస్తారు. మీ గడప రోడ్డుకంటే కిందికి పోయింది కాబట్టి, రోడ్డు మీద నీరు నిలవకపోయినా మీ వాకిట్లోకి రావచ్చు, ఆకుపచ్చ రంగు ఆ సంగతి చెప్పదు. తరువాత, లెక్కలో వేసిన రోడ్డు ఎత్తు కొత్త పొర వేయక ముందుదా, వేశాక కొలిచినదా అని అడగండి. కాలువను పూడికతో లెక్కించారా, ఖాళీగా లెక్కించారా, నాగావళి నిండుగా ఉన్న రోజుకు వేరే పటం ఉందా అని కూడా అడగండి. ఈ నాలుగూ అడగడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు. చెప్పవలసినవారు పటం తయారు చేసినప్పుడే వీటిలో ప్రతిదానికీ ఒక అంకె వేసి ఉంటారు, ఆ అంకె చెప్పమనండి. కొత్త కాలువ పై అంచు మీ గడప కంటే ఎత్తుగా వస్తే మీ వాకిలి నీరు అందులోకి ఎక్కదు. డ్రాయింగు ఖరారు కాక ముందే ఆ మట్టం సరిచూడమని లిఖితపూర్వకంగా కోరడం మీ హక్కు.

మీ దగ్గర ఇంకొకటి ఉంది, అది వారి దగ్గర లేదు. ఏ రోజు, ఏ గంటకు, గోడ మీద ఎంత ఎత్తుకు నీరు వచ్చిందన్న సమాచారం. నమూనా నిజానికి ఎంత దగ్గరగా ఉందో తేల్చేది అటువంటి గుర్తులే. కొన్నేళ్ల క్రితం నేను చేసిన ఒక లెక్కను ఇలాగే ఒక పెద్దాయన గోడ మీది బురద చార తిరగదోడింది. నేను 10 సెం.మీ. అన్నచోట ఆయన గోడ 45 చూపించింది. తీరా వెతికితే దిగువన ఒక కల్వర్టు సగానికి పైగా మూసుకుపోయి ఉంది. అందుకని ఈసారి నీరు వచ్చినప్పుడు చార ఆరిపోక ముందే పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ, సమయం వేయండి. వాన తగ్గాక నీరు పూర్తిగా తీయడానికి ఎంత సేపు పట్టిందో కూడా రాయండి. వాన ఆగిన అరగంటలో తీసేస్తే కాలువలోకి దిగే దారి ఇరుకని, గంటల తరబడి నిలిచిపోతే తోక దగ్గర అడ్డు ఉందని మొదటి అనుమానంగా పెట్టుకోవచ్చు. ఫోనులో తీసిన వీడియోలు ఉంటే తొలగించకండి. గీతకూ గడపకూ మధ్య ఎత్తును స్కేలుతో కొలిచి, ఆ కాగితం నకలు అర్జీకి జతచేయండి.